కాలవ గట్టు మీద రెండు కార్లు

మా ఆయనకి కారు ముందుకి నడపడం వచ్చు. వెనక్కి నడపడం రాదు. కారు కొన్న నాటి నుంచీ ఈ సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరమే, ఆయనా నేనూ. ఆయన నాతో కూడా పైకి అనలేదు. నేనూ అడగలేదు. ముప్ఫై ఏళ్ళు పిల్లల చేత లెక్కలు చేయించి, హైస్కూలు హెడ్మాస్టరుగా దిగిపోయిన మనిషిని "మీకిది రాదు కదా" అని అడగడానికి నాకు నోరు రాలేదు.

రిటైరైన ఏడాదే కారు కొన్నారు. పొట్టిగా, ఎత్తుగా, మొహం మాత్రం జీపులా గంభీరంగా పెట్టుకుని ఉండే రకం. ఇప్పుడు కొత్తపేటలో రెండిళ్ళకొకటి కనిపిస్తోంది. అమలాపురం షోరూములో కుర్చీ వేసి, కూల్ డ్రింకిచ్చి, మన రోడ్లకి ఇదే కరెక్టండీ, గోతులు తెలియవు, వానాకాలం నీళ్ళు తగలవు అని ఊదరగొట్టారు. మన రోడ్ల బాధ గోతులు కాదని, వెడల్పని అక్కడెవరూ అనలేదు. ఒక పక్క కాలవ, ఇంకో పక్క చేనో చెరువో, మధ్యలో ఒక్క బండికి సరిపడా తారు. ఎదురుగా ఇంకో బండి వస్తే ఎవరో ఒకరు వెనక్కి వెళ్ళాలి. అదీ మన రోడ్ల సంగతి.

నేర్చుకోలేదని కాదు. డ్రైవింగు స్కూలులో రివర్సు నేర్పిన రోజున వెనక చక్రం సంత పక్కనున్న డ్రైనులో దిగిపోయింది. ఎక్కడెక్కడి నుంచో ఆయన పాత విద్యార్థులు పరిగెత్తుకొచ్చి, కారుని ఎత్తి రోడ్డు మీద పెట్టి, "పర్లేదండి మాస్టారూ, అందరికీ అవుద్దండి" అని ఎంతో మర్యాదగా అన్నారట. వాళ్ళు పకపకా నవ్వేసి ఉంటే ఆయన మర్నాడు మళ్ళీ వెళ్ళేవారు. ఆ మర్యాదే ఆయన్ని చంపేసింది. లైసెన్సు మాత్రం ఎలాగో వచ్చింది.

ఆ తర్వాత మా ప్రహరీ గోడకి రెండో గేటు పడింది. ఒక గేటులోంచి కారు లోపలికొస్తుంది, ఇంకో గేటులోంచి బయటికి పోతుంది. దానికోసం నేను పెంచుకున్న నిమ్మచెట్టు కొట్టేశారు. గాలి వస్తుందని అందరికీ చెప్పుకున్నారు. పక్కింటాయన ఊరుకోడు కదా, "బస్టాండులాగ ఇన్ గేటు, అవుట్ గేటు పెట్టించేరేంటండి మాస్టారూ" అన్నాడు. మా ఆయన నవ్వారు. నేను లోపలికి వెళ్ళి గిన్నెల మీద నా కోపం తీర్చుకున్నాను.

మా తిరుగుళ్ళన్నీ ఆ గేర్ల పెట్టె ప్రకారమే నడిచేవి. ఒక దారిన వెళ్ళి ఇంకో దారిన రాగలిగే చోటికే వెళ్ళాలి. పలివెల వెళ్ళొచ్చు, చుట్టు తిరిగి రావచ్చు. దిండి కూడా పరవాలేదు, అక్కడ పెద్ద ఖాళీ జాగా ఉంది. సందులోపల ఇల్లున్న చుట్టాలందరూ మాకు దూరమైపోయారు. పెళ్ళిళ్ళకి వెళ్తే కారు మెయిన్ రోడ్డు మీదే ఆపేవారు. అది కూడా కొబ్బరిచెట్టు లేని చోట ఆపాలి, కాయ పడితే పైకప్పు సొట్టపోతుంది. కోనసీమలో కొబ్బరిచెట్టు లేని చోటు వెతుక్కోవడమంటే మాటలా? పట్టుచీర కట్టుకుని ఫర్లాంగులు ఫర్లాంగులు నడిచాను. కారు కొన్నాక నేను నడిచినంత దూరం బస్సుల్లో తిరిగిన రోజుల్లో నడవలేదు.

బస్సెక్కుతానంటే ఒప్పుకునేవారు కాదు. కారు గుమ్మంలో పెట్టుకుని పెళ్ళాన్ని బస్సులో తిప్పుతున్నాడని జనం అనుకుంటారట. కారులో తీసుకెళ్ళరు, బస్సులో వెళ్ళనివ్వరు. అందరూ నాతో "మీకేంటండి, కారుంది" అనేవారు. ఆయ్, ఉందండి అనేదాన్ని.

ఇందులో నన్ను బాగా కోసింది మా పెద్దమ్మ సంగతి. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. ఉప్పలగుప్తం అవతల, రోడ్డు ఆఖరైపోయే చోట వాళ్ళ ఇల్లు. ఆ ఇంటి ముందు సందు అక్కడితో సరి, తిరగడానికి చోటు లేదు. బస్సుల కాలంలో నెలకోసారైనా వెళ్ళి, రెండు పూటలుండి, ఆవిడ తలకి నూనె రాసి వచ్చేదాన్ని. కారొచ్చాక తగ్గిపోయి, చివరికి ఫోనులో మిగిలాను. "కారు కొనుక్కున్నారు కదే అమ్మాయీ, ఇంకేంటే అడ్డం? ఎప్పుడొస్తావే?" అని అడిగేది. వచ్చే వారం పెద్దమ్మా అనేదాన్ని. ఆయనేమో మోకాళ్ళ నొప్పనో, కారు సర్వీసుకివ్వాలనో అనేవారు. నేను దెబ్బలాడి బస్సెక్కి ఉండాల్సింది. ఇంట్లో గొడవెందుకులే అని ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు బాగా అలవాటు.

పెద్దమ్మ పోయిందని తెల్లవారుజామున కబురొచ్చింది. మధ్యాహ్నం మట్టి చేస్తామని, ఫ్రీజరు బాక్సు తెప్పించామని వాళ్ళబ్బాయి, నాకు తమ్ముడు, ఫోను చేశాడు. ఆయన వెంటనే కారు తీశారు. అది చనిపోయినవాళ్ళ ఇల్లు కాబట్టి ఊరంతా అక్కడే ఉంటుంది, సందు మొదట్లోనే ఆపి నడిచి వెళ్ళినా ఎందుకని ఎవరూ అడగరు. ఆయన ధైర్యం అదే అయ్యుంటుంది. నాకు కావలసిందొక్కటే, మూత వేసేలోపల ఆ ముఖం చూడాలి. రెండేళ్ళ నుంచి చూడని ముఖం.

అమలాపురం దాటాక మెయిన్ రోడ్డు తవ్వేశారు. కల్వర్టు పనట. అడ్డంగా డ్రమ్ములు పెట్టి అందర్నీ కాలవ గట్టు మీదకి మళ్ళించారు. ఆయన ఒక్క క్షణం స్టీరింగు పట్టుకుని ఆలోచించి, తిప్పారు. ఎడం పక్క నిండుగా కాలవ, కుడి పక్క రొయ్యల చెరువులు. దేవుడా, ఎవరూ ఎదురు రాకూడదు అని ప్రార్థన చేసుకుంటూ కూర్చున్నాను. కొంతదూరం ఎవరూ రాలేదు. తర్వాత మా కారు లాంటి కారే, రంగు కూడా అదే, ఎదురొచ్చి ఆగింది.

చోటిద్దామని ఆయన ఎడమకి బాగా జరిపారు. రెండు కార్లూ ముక్కులు ఆనించుకున్నంత దగ్గరలో నిలబడ్డాయి. అటు నుంచి తెల్లచొక్కా పెద్దాయన దిగాడు. ఈయనా దిగారు, అలవాటు కొద్దీ తాళం జేబులో వేసుకుని తలుపు మూసి మరీ. ఏసీ ఆగిపోయింది. అద్దాలు దిగవు. నేను నా తలుపు తెరిచి చూస్తే కింద నేల లేదు, నీళ్ళు. అడుగు పెడితే కాలవలోకే. తలుపు జానెడు తెరిచి పట్టుకుని ఆ సందులోంచి గాలి పీల్చుకుంటూ కూర్చున్నాను. గేర్ల మీద నుంచి అటు సీటులోకి పాకుదామంటే నా ఒళ్ళూ నా మోకాళ్ళూ ఒప్పుకోవు.

వాళ్ళిద్దరి మాటలూ వినబడుతున్నాయి.

"మీరు కాస్త వెనక్కి తీసుకోండి, పెద్దోరు."

"ఎంతమాటండీ. మీరు ముందొచ్చేరు, మీరే కానివ్వండి."

"అబ్బే, మీరు కానివ్వండి."

ఒకాయన తగ్గితే ఇంకొకాయన ఇంకా తగ్గుతాడు. ఏ ఊరండీ అన్నారు, ఏం చేసేవారండీ అన్నారు. అటువైపాయన కూడా మాస్టారేనట, రాజోలు పక్కన పనిచేశాడట. అక్కడి డ్రిల్లు మాస్టారు ఇద్దరికీ తెలిసినవాడే. ఆ డ్రిల్లు మాస్టారి ఆరోగ్యం ఎలా ఉందో కనుక్కున్నారు. ఇద్దరిలో ఒక్కరూ కారెక్కడం లేదు. నాకు అనుమానం వచ్చి అటు కారులోకి చూశాను. అద్దం వెనకాల ఒకావిడ, నా వయసే ఉంటుంది, చేతిలో పర్సు నలుపుకుంటూ నన్నే చూస్తోంది. ఆవిడ మొహం చూడగానే నాకు అర్థమైపోయింది. అద్దంలో నా మొహం చూసుకున్నట్టే ఉంది.

తమ్ముడు ఫోను చేశాడు. పాస్టరుగారు వచ్చేశారట, ఎక్కడున్నారు అన్నాడు. దగ్గరికొచ్చేశాం రా అన్నాను. కాసేపటికి మళ్ళీ చేసి, ఎక్కడైనా ఆగిపోయారా, బండి పంపించనా అన్నాడు. బండి పంపితే పది నిమిషాల్లో ఎవరో ఒకరు వచ్చేవారు. వచ్చి చూసేవారు, ఎందుకాగిపోయామో తెలిసిపోయేది. "వద్దురా, వచ్చేస్తున్నాం" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి ఎంత తొందరగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఆయన ఒకసారి వచ్చి కూర్చుని కారు స్టార్టు చేశారు. రివర్సు గేరు వేశారు. ముందున్న తెర మీద వెనక గట్టు కనిపించింది, గడ్డి, దూరంగా ఒక గేదె. సెన్సారు కుయ్యి కుయ్యిమని అరవడం మొదలుపెట్టింది. కారు బెత్తెడు కదిలి, నా వైపుకి, కాలవ వైపుకి ఒరిగింది. ఆయన బ్రేకు తొక్కేశారు. చేతులు చెమటతో స్టీరింగు మీద జారుతున్నాయి. నా వైపు చూడలేదు. ఆయన మీద జాలీ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఎవర్నైనా అడగండి అని గొంతు దాకా వచ్చింది, అక్కడే ఆగింది. "ఆయనే తీస్తాడేమో చూద్దాం" అని మళ్ళీ దిగిపోయారు.

మూడోసారి ఫోనులో తమ్ముడి గొంతు మారిపోయింది. "మబ్బేసిందక్కా. వానొస్తే గోతిలో నీళ్ళు దిగుతాయంటున్నారు. ఇంక ఆపలేను."

అయిదు నిమిషాలు ఆగరా అన్నాను. వాడు ఫోను పెట్టేశాడు.

అప్పటికి అటు కారు వెనకాల రొయ్యలకి ఐసు తెచ్చే వ్యాను వచ్చి హారను మోగిస్తోంది. అటువైపావిడ కారు దిగింది. ఆవిడ వైపు గడ్డి ఉంది, దిగగలదు. నడుచుకుంటూ వచ్చి మా కారు డ్రైవరు సీటు వైపు తలుపు తీసి, లోపలికి వంగి, ఎక్కడికమ్మా వెళ్ళాలి అని అడిగింది. చెప్పాను. పెంచిన తల్లి అని కూడా చెప్పాను. ఆవిడ వెంటనే నిటారుగా లేచి, గట్టు మీదున్న అందరికీ వినబడేలా అంది:

"ఏవండీ, ఈవిడ వాళ్ళ అమ్మని మట్టి చేసేస్తున్నారంట. మీకు రివర్సు రాదని చెప్పెయ్యండి. ఎవరో ఒకరు తీస్తారు."

తెల్లచొక్కాయన తల గోక్కుని, "అవునండి, ఇంకా రాలేదండి" అని నవ్వేశాడు. అంతే. మా ఆయన నేలచూపులు చూశారు. వ్యాను డ్రైవరు విసుక్కుంటూనే తన వ్యాను వెనక్కి పెట్టుకుని, వచ్చి వాళ్ళ కారూ తీసి, తూము దగ్గర వెడల్పున్న చోట నిలబెట్టాడు. ఆకాశం విరిగిపడలేదు. ఎవరి పరువూ కాలవలో కొట్టుకుపోలేదు. అంతసేపూ నేను మింగుతూ కూర్చున్న మాట ఆవిడ కూర ధర చెప్పినంత తేలిగ్గా అనేసింది.

ఆయన వచ్చి కూర్చుని, వాళ్ళని దాటించి కారు ముందుకి పోనిచ్చారు.

ఇంటి దగ్గర టెంటు కింద కుర్చీలు ఒకదాని మీద ఒకటి పెడుతున్నారు. అద్దె ఫ్రీజరు బాక్సు ఖాళీగా మూత తెరిచి ఉంది, కింద నీళ్ళు కారుతున్నాయి. అందరూ సమాధుల తోటకి వెళ్ళిపోయారని అక్కడున్న ఆడవాళ్ళు చెప్పారు. పరిగెత్తలేను, అయినా పరిగెత్తాను. వెళ్ళేసరికి పెట్టె గోతిలో దిగిపోయింది. మేకులు కొట్టిన మూతే కనిపించింది. పాస్టరుగారు ప్రార్థన ముగించారు. ఒక్కొక్కరూ గుప్పెడు మట్టి వేస్తున్నారు. నేనూ వేశాను. అది చెక్క మీద పడి చప్పుడైంది.

తమ్ముడు వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. వాడి కళ్ళు వాచిపోయి ఉన్నాయి. "ఏమైందక్కా? అంతసేపు ఆపేను. నీకోసమే ఆపేను."

చుట్టూ అందరూ చూస్తున్నారు. బంధువులు, ఆ ఊరివాళ్ళు, ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు కూడా ఒకరిద్దరు. నేను ఆలోచించుకునే లోపలే నా నోరు తన పని తాను చేసుకుపోయింది. "కారు ట్రబులిచ్చింది రా. దారిలో ఆగిపోయింది" అన్నాను.

ఆయన గోతి ఒడ్డున మట్టి పట్టుకుని నిలబడి ఉన్నారు, ఇంకా వెయ్యలేదు. తల ఎత్తకుండానే అన్నారు:

"కారుకేం కాలేదయ్యా. నాకు వెనక్కి నడపడం రాదు. మొదట్నుంచీ రాదు. అది చెప్పలేక మీ అక్కని ఇన్నాళ్ళు ఇక్కడికి రానివ్వలేదు. ఇవాళ కూడా చెప్పలేదు."

క్లాసులో పాఠం చెప్పే గొంతే, అందరికీ వినబడింది. ఆయన మట్టి వేసి, పక్కకి జరిగి, చేతులు దులుపుకోవడం కూడా మర్చిపోయి నిలబడ్డారు. తమ్ముడు "పోనీలెండి బావగారూ" అన్నాడు.

పొద్దుట కబురు విన్నప్పటి నుంచి నేను ఏడవలేదు. అప్పుడు ఏడ్చాను. ఆడవాళ్ళు నన్ను పట్టుకుని, పెంచిన తల్లి కదమ్మా, ఏడువు, మంచిదే అన్నారు. పెద్దమ్మ కోసమే ఏడ్చాను. కానీ అంతా ఆవిడ కోసమే కాదు. ఆ మాట ఆయన గట్టు మీద అని ఉంటే, లేదా నేనైనా అని ఉంటే, ఆ ముఖం చూసి ఉండేదాన్ని. అంత చిన్న మాట అది.