గోపమ్మ తొడిగిన అంగీ

గోపమ్మ నందికొండ కాడ సాగర్ కట్ట పనికి పోయి రెండేండ్లకు తిరిగొచ్చినప్పుడు చీర మీద మొగోళ్ళ అంగీ తొడుక్కొని వచ్చింది. నీలం గీతల అంగీ. చేతులు మోచేతుల దాంక మడిచింది. కేతేపల్లి కాడ బస్సు దిగి, నెత్తి మీద మూటతోని, కుంటుకుంట వస్తున్న నాయినను పట్టుకొని ఊర్లెకు నడిచొస్తాంటె, కల్లంల ఆముదాలు కొడుతున్న ఆడోళ్ళందరు చేతుల కట్టెలు కింద పెట్టి చూసిండ్రు. నేను గూడ చూసిన. అది అరవై రెండో, అరవై మూడో. మా ఇద్దరికీ పద్దెనిమిదేండ్లుంటయ్.

నా పేరు నర్సింగమ్మ. గోపమ్మోళ్ళ ఇంటికి, మా ఇంటికి నడుమ ఒకటే గోడ. ఇద్దరియి కురుమోళ్ళ ఇండ్లే. వాళ్ళమ్మ చిన్నప్పుడే చచ్చిపోయింది. నాయిన గుర్వయ్యకు డెబ్బై గొర్లుండె. ఒక్క వానకాలంల రోగం తగిలి మందకు మంద పోయింది. అటెన్క తండ్రీ బిడ్డలు కట్ట పనికి పోయిండ్రు. పోయిన ఆర్నెల్లకే గుర్వయ్య కాలు మీద బండ పడ్డది. ఇగ ఆ ఇద్దరి కడుపు నింపింది గోపమ్మ ఒక్కతే.

వచ్చిన్నాడు పొద్దుమీకి బాయి కాడ మొదలు అడిగింది నేనే.

"గా అంగీ ఎవనిదే?"

"నాదే."

"మొగోని అంగీ నీదెట్లయితది?"

"అంగట్ల కొన్న. కొన్నది నాది గాకుంటె ఎవరిదైతది?"

ఐదారుగురం ఉన్నం. ఒకామె ఫక్కున నవ్వింది. ఇంకొకామె "కొన్నదో, ఎవడన్న విడిచిపోయిండో" అన్నది. గోపమ్మ ఆమె మొఖం దిక్కు ఒక్కసారి చూసి, బిందె ఎత్తుకొని పోయింది.

తెల్లారి నేను గోడ పక్క నుంచి వాళ్ళింట్లకు పోయిన. గుర్వయ్య బయట మంచంల పండుకున్నడు. లోపల గోపమ్మ ఒక్కతే జొన్నలు చెరుగుతాంది.

"నాకన్న చెప్పే. నిజం చెప్పు" అన్న.

ఆమె చాట పక్కకు పెట్టి, అంగీ విప్పి, నాకు వీపు చూపించింది. రైక మీదికెల్లి మెడ కాడ, భుజాల కాడ తోలు మాడిపోయి, ఆడాడ తెల్లగ పొక్కిపోయి ఉన్నది.

"తట్టలకెల్లి సిమెంటు నీళ్ళు కారుతయ్. పొద్దంత కారుతయ్. రైక ఏం ఆగుతది? ఆడ ఆడోళ్ళందరు మొగోళ్ళ అంగీలే తొడుగుతరు. నాకు కొన్నాళ్ళు తెల్వక గిట్లయింది" అన్నది.

అంగీ చాట పక్కన ఉన్నది. "నేను జర తొడిగి చూడనా?" అన్న. తొడిగిన. గుండీలు పెట్టుకున్న. దానికి జేబుండె. ఆడోళ్ళ బట్టకు జేబెక్కడిది? చెయ్యి పెట్టి తీసి, మళ్ళ పెట్టి చూసిన. గోపమ్మ నన్ను చూసి కడుపు పట్టుకొని నవ్వింది. గంతల మా అమ్మ నన్ను పిలిచింది. గుండీలు తెగుతయేమో అన్నంత గబగబ విప్పి, ఇంట్లకు ఉరికిన. మా అమ్మకు ఆ సంగతి చెప్పలే.

గోపమ్మ ఆ అంగీ విడువలే. కూలికి పోయినా అదే, కంప కొట్టనీకి పోయినా అదే. ముండ్లు గీరకుండ మంచిగనే పనికొచ్చేది. ఊరికి మాత్రం ఇంకో పని దొరికింది. మొదలు ఆ అంగీ ఒక మేస్త్రీది అన్నరు. అటెన్క లారీ నడిపేటోనిది అన్నరు. నాలుగు దినాలకు గోపమ్మకు కడుపయి తీయించుకున్నదని గూడ అన్నరు. అన్నోళ్ళల్ల ఒక్కరు గూడ నందికొండ చూసినోళ్ళు గాదు.

ఆ మాట రెండు కోసుల అవతల ఉన్న ఆమె మేనమామ కాటమయ్య చెవుల పడ్డది. కాటమయ్య కొడుకు భిక్షపతికి గోపమ్మను చేసుకుందమని చిన్ననాడే అనుకున్నరు. కాటమయ్య కొడుకును తోలుకొని వచ్చిండు. మా కులపెద్ద మైసయ్య వాకిట్ల పంచాదికి కూసుండిండ్రు. మొగోళ్ళు అరుగుల మీద, ఆడోళ్ళం గోడ పొంటి నిలబడ్డం.

"గా అంగీ ఎవడిచ్చిండో చెప్పు" అన్నడు మైసయ్య.

"ఎవ్వరియ్యలే. కొన్న."

గుర్వయ్య కట్టె ఆసరతోని లేచిండు. "పెద్దమనిషీ, నేను పక్కనే ఉన్న. ఆడ ఆడోళ్ళందరు తొడుగుతరు. నా బిడ్డ తప్పు చెయ్యలే" అన్నడు.

"బిడ్డ కూలి తిని బతికినోనివి, నువ్వు ఇంకేమంటవ్?" అన్నడు కాటమయ్య. వాకిలంత నవ్వింది. గుర్వయ్య మళ్ళ కూసుండిపోయిండు.

గోపమ్మ చుట్టు చూసింది. నన్ను చూసింది.

"గింతమంది మొగోళ్ళ ముందట నేను వీపు చూపియ్యలేను. నా వీపు మీది గాయాలు నర్సింగమ్మ చూసింది. అంగీ ఎందుకు తొడిగిన్నో ఆమెకు ఎరుక. అడుగుండ్రి."

అందరు నా దిక్కు తిరిగిండ్రు. మా అమ్మ నా రెక్క గట్టిగ పట్టుకున్నది. వీపు ఎప్పుడు చూసినవంటరు. ఆడికెందుకు పోయినవంటరు. నువ్వు గూడ తొడిగినవా అంటరు.

"నేనేం చూడలే" అన్న.

నేను గూడ ఆ అంగీ తొడిగిన అని ఆమె ఒక్క మాట అంటె అయిపోయేది. అంటదనే అనుకున్న. అనలే. నన్ను చూసుడు బందుజేసి, మైసయ్య దిక్కు తిరిగింది.

మైసయ్య తీర్పు చెప్పిండు. నలుగురి ముందట అంగీ మంటల వెయ్యాలె. మామ కాళ్ళ మీద పడి తప్పు ఒప్పుకోవాలె. గట్లయితె పెండ్లి అయితది.

"తప్పు చేస్తె గద ఒప్పుకునేది" అన్నది గోపమ్మ. ఒక ముసలాయన లేచి ఆమె దిక్కు థూ అని ఊంచిండు. ఎంగిలి ఆమె కాళ్ళ కాడ పడ్డది. ఆమె కాలు గూడ జరుపలే.

ఆ పొద్దుమీకి భిక్షపతి ఒక్కడే వాళ్ళింటికి వచ్చిండు. నేను గోడకు ఇవతల గిన్నెలు తోముతున్న. అన్నీ వినబడ్డయ్.

"ఒక్కసారి పేరు చెప్పు. మా బాపుకు చెప్పను. నేను మాఫ్ చేస్త. నిన్నే చేసుకుంట" అన్నడు.

"ఎవ్వరు లేరు బావా."

"గట్లనకు. నాకొక్కనికే చెప్పు."

గోపమ్మ గొంతు వచ్చింది. "నువ్వు నన్ను మాఫ్ చేసుడేంది బావా? నా చెయ్యి పట్టుకొని నడిచినోడు మా నాయిన. ఆయన మాట నమ్మలే. నా మాట నమ్మలే. ఎవడో ఒకని పేరు చెప్తెనే నమ్ముతవా? అసోంటి నమ్మకం నాకొద్దు. పో."

ఆయన పోకుంట ఇంకేదో అన్నడు. ఆమె తలుపు దబ్బున పెట్టింది.

తెల్లారి పొద్దెక్కినంక గోపమ్మ మూట నెత్తిన పెట్టుకొని బయటికి వచ్చింది. అదే అంగీ. గుర్వయ్య వెనుక కుంటుకుంట నడిచిండు. దొంగల లెక్క చాటుకు పోలే, ఊరి నడిమి తొవ్వల పోయిండ్రు. కొన్ని తలుపులు మూసుకున్నయ్. ఎవరో మట్టిపెడ్డ విసిరితె గుర్వయ్య వీపుకు తగిలింది. గోపమ్మ ఆగి, వెనుకకు వచ్చి, నాయిన వీపు మీది మట్టి దులిపి, ఆయనను ముందట నడువుమన్నది. నేను గడప కాడనే నిలబడ్డ. నా దిక్కు చూడలే.

రెండు నెలలకు కాటమయ్య మా ఇంటికి వచ్చి నన్ను తన కొడుక్కు అడిగిండు. మా బాపు సరే అన్నడు. భిక్షపతిని నేను చేసుకున్న. ఆయన నన్ను ఏనాడు అట్ల నిలదీయలే. నిలదీసేటట్టు నేను ఏనాడు ఏదీ కట్టలే, తొడుగలే.

ఐదారేండ్లయినంక మా చిన్నదానికి జరమొస్తె నల్లగొండ దవాఖానకు తీస్కపోతాన్న. నార్కట్‌పల్లి కాడ బస్సు మారాలె. సడక్ పక్కన కంకర కొట్టేటోళ్ళు నీడకు కూసుండి బువ్వ తింటున్నరు. వాళ్ళల్ల గోపమ్మ కనబడ్డది. పక్కన ఒకాయన ఆమెకు నీళ్ళ చెంబు అందిస్తాండు. "ఎల్లస్వామీ, ఇంకింత బువ్వ పెట్టుకో" అన్నది ఆయనతోని. పేరు పెట్టి పిలిచినా, ఆమె మెడల పుస్తె చూస్తె పెనిమిటే అని తెలిసింది.

దగ్గరికి పోయిన. "గోపమ్మా, నేను నర్సింగమ్మను."

"ఎరుకే."

"మీ నాయిన మంచిగున్నడా?"

"చచ్చిపోయి రెండేండ్లాయె."

ఊర్లె ఎవ్వరికీ తెల్వది. ఎవ్వరు అడుగలే గద. "ఆనాడు పంచాదిల నేను..." అని మొదలుపెట్టిన.

ఆమె నా మాట వినలే. నా సంకల ఉన్న పిల్లను చూస్తాంది. ఎడమ చెయ్యి చాపి దాని నొసలు ముట్టి చూసింది. చెయ్యి వెనుకకు తీసుకున్నది.

"నల్లగొండ బస్సు గా మూలకు ఆగుతది. పిల్ల కాలిపోతాంది. జల్ది పో" అన్నది.

"గోపమ్మా..."

"నీతోని నాకు మాటల్లేవు" అన్నది. గొంతు పెంచలే. నా దిక్కు వీపు పెట్టి తిరిగి కూసుండి, బువ్వ ముద్ద నోట్లె పెట్టుకున్నది.

బస్సు వచ్చింది. పిల్లను ఎత్తుకొని ఉరికిన.