అరకు రైల్లో పిన్ని

మొన్న రైలు సొరంగంలోకి దూరగానే పిల్లలు కేకలు వేస్తుంటే పిన్ని గుర్తొచ్చింది.

డెబ్బైల్లో, నాకు ఆరేళ్లప్పుడు, విశాఖ నుంచి అందరం అరకు బయలుదేరాం. సొరంగం చీకట్లో సరదాగా అరిచాం. పిన్నీ అరిచింది. వెలుగొచ్చేసరికి ఆమె పెదవి చిట్లి రక్తం కారుతోంది. పక్కన బాబాయి కిటికీలోంచి కొండలు చూస్తున్నాడు.

చీకట్లో భయపడి ఎక్కడో కొట్టుకుందనుకున్నాను.

"బయపడకు పిన్నీ, నాను నీ పక్కన కూకుంటాను" అంటూ ఇద్దరి మధ్యా ఇరుక్కున్నాను.

మళ్లీ సొరంగం రాగానే ఆ చీకట్లో నా చెంప మీద గుద్దు పడింది. కెవ్వుమన్నాను.

"నన్ను కొడితే ఊరుకున్నాను. పిల్ల మీద సెయ్యేత్తావా?" అని పిన్ని అరిచింది. వెంటనే టిఫిన్ క్యారియర్ దబదబా మోగింది. వెలుగొచ్చాక చూస్తే బాబాయి నుదురు పగిలి, చొక్కా ఎర్రగా తడిసిపోయింది.

తర్వాతి స్టేషన్లో పిన్ని దిగి, ఎదురు బండెక్కి పెందుర్తిలో పుట్టింటికి వెళ్లిపోయింది. మళ్లీ ఆయన గడప తొక్కలేదు.

ఆ దెబ్బ కూడా తనకే తగిలుంటే ఇంకెన్నాళ్లు ఓర్చుకునేదో.