చప్పుడు లేని బంతి

పదవీ విరమణకు ఇంకా రెండేళ్లుందనగా నన్ను పులివెందుల శిక్షణ కేంద్రానికి సీనియర్ హాకీ కోచ్‌గా వేశారు. జూన్ మొదటి సోమవారం చేరాను. అప్పటిదాకా నా సర్వీసంతా మట్టి మైదానాల మీదే గడిచింది. ఇక్కడ కొత్తగా టర్ఫ్ పరిచారు. టర్ఫ్ అంటే పచ్చటి ప్లాస్టిక్ గడ్డి. ఆటకు ముందు దాన్ని ఆ చివర నుంచి ఈ చివరకు తడపాలి. తడిపితేనే బంతి జారుతుంది, పడ్డవాళ్ల మోకాళ్లు చెక్కుకుపోవు. బోర్లు వేసి వేసి విసిగిపోయిన ఊళ్లో రోజుకు రెండుసార్లు ప్లాస్టిక్‌కు నీళ్లు కడుతుంటే, గోడవతల చీనీ, అంటే బత్తాయి తోటల రైతులు నిలబడి చూసేవారు. ఒకాయన నన్ను ఆపి, "ఏమప్పా, ఈ గడ్డి ఎప్పటికన్నా కాపుకొస్తాదా?" అని అడిగాడు.

నీళ్లు పెట్టడం ఒక బాధ, ఆ నీళ్లు సామాన్లకు పట్టడం ఇంకో బాధ. బూట్లు నానేవి, చేతి తొడుగులు కంపుకొట్టేవి. గోల్‌కీపర్ కాళ్లకు కట్టుకునే లెగ్‌గార్డులు కుట్లు విడిన చోటల్లా నీళ్లు పీల్చి, గంటసేపట్లో మోయలేనంత బరువెక్కేవి. సామాన్ల రిజిస్టర్‌లో 'తడికి పాడైనవి' అనే గడి అన్నిటికంటే ముందు నిండేది.

ప్రొద్దుటూరులో బాషా అని నా చిన్ననాటి స్నేహితుడు ఉన్నాడు. ఎర్రగుంట్ల నుంచి సిమెంటు తోలే లారీల మీద కప్పే టార్పాలిన్ పట్టాలు కుట్టి అమ్ముతాడు. ఆ పట్టాలకు నీళ్లంటని మందు పూస్తాడు. నా గోడు విని, ఒక గుడ్డముక్కకు మందు రాసి ఆరబెట్టి, చెంబుతో నీళ్లు పోశాడు. వేడి పెనం మీద చుక్కల్లా ఉరికిపోయాయి. "మామా, వాన పడిన సంగతి గూడా దీనికి తెలీదు" అని నవ్వాడు. ఒక డబ్బా మందు తెచ్చుకున్నాను.

కొత్త వస్తువును పరీక్షించడానికి మాకొక పద్ధతి ఉంది. ఒకసారికి ఒకటే మార్చాలి. వారం వాడాలి. మార్చినట్టు ఆటగాళ్లకు చెప్పకూడదు. చెబితే కోచ్ మొహం చూసి, బాగుంది సార్ అనేస్తారు. వారం చివర వాళ్ల అభిప్రాయం రిజిస్టర్‌లో రాయాలి. లెగ్‌గార్డులకు మందు బాగా పనిచేసింది. బూట్ల పైభాగానికీ మేలే. కర్ర పిడికి చుట్టే పట్టీకి మాత్రం పనికిరాలేదు, అది చెమటను పీల్చకపోయేసరికి కర్ర చేతిలో తిరిగిపోయింది. అన్నీ అయ్యాక డబ్బా అడుగున కొంచెం మిగిలింది. పారబోయడానికి మనసొప్పలేదు. డజను బంతులు అందులో ముంచి ఆరబెట్టాను.

దానికీ నా దగ్గర ఒక లెక్క ఉంది. హాకీ బంతి గట్టి ప్లాస్టిక్, ఒళ్లంతా చిన్న చిన్న గుంటలు. వాటిలో నీళ్లు నిలుస్తాయి. తడి టర్ఫ్ మీద బంతి దొర్లితే తెల్లటి తుంపర తోక కట్టుకుని, చీర చించినట్టు చప్పుడు చేస్తూ వస్తుంది. ఆ నీళ్లే లేకపోతే దారి తప్పకుండా పోతుందని అనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

ఇక నాగవేణి గురించి చెప్పాలి. జమ్మలమడుగు నేత కుటుంబం పిల్ల, పదిహేడేళ్లు, మా గోల్‌కీపర్. అప్పటికి పదిహేను రోజుల్లో రాష్ట్ర జట్టు ఎంపిక ఉంది. అందులో నిలిస్తే ఆమెకు కేంద్రంలో సీటూ చదువూ ఉంటాయి, లేదంటే ఇంటికే. ఆమెలో ఒక వింత ఉండేది. తెల్లవారుజామున, మునిమాపున మా టర్ఫ్ మీద ఆమెను దాటించి గోల్ వేసినవాళ్లు లేరు. బంతి వైపు చూసేది కాదు. హెల్మెట్ పక్కకు తిప్పి, ఎవరో చెవిలో చెప్తుంటే వింటున్నట్టు నిలబడేది. బంతి వచ్చే వేళకు కాలు అక్కడుండేది. అదే పిల్ల జమ్మలమడుగు మట్టి మైదానంలో, మంచు విడవని పొద్దున మ్యాచ్‌లో ఆరు గోల్స్ వదిలేసింది. మట్టి అలవాటు తప్పిందని రిజిస్టర్‌లో రాసుకున్నాను. తోటి పిల్లలు మాత్రం ఆమెకు గాలి దయ్యం చెప్తాదని గుసగుసలాడేవారు. ఇద్దరు ముగ్గురు ఆమె పక్క మంచం మీద పడుకోవడానికి భయపడ్డారు. అంత పేరున్న కీపర్ నా దగ్గరుందని నాకు లోలోపల గర్వంగా ఉండేది.

డిసెంబరులో ఒక తెల్లవారుజామున మందు పూసిన బంతులు తీశాను. నేల మీద మోకాలెత్తు పొగమంచు. పెద్ద దీపాలు మ్యాచ్‌లకే వేసేవాళ్లం. గోల్ ముందున్న అర్ధవలయం అంచు నుంచి ఒక పెద్ద పిల్లను పుష్ చేయమన్నాను. పుష్ అంటే కర్రను బంతికి ఆనించి నెట్టడం. కొట్టిన చప్పుడు ఉండదు, దొర్లే చప్పుడే ఉంటుంది. ఆ రోజు అదీ లేదు. తెల్లటి బంతి మంచులో దూరి, గోల్ వెనక చెక్కపలకకు ధడేలున తగిలింది. నాగవేణి కదల్లేదు. పలక మోగాక మాత్రం ఉలిక్కిపడి, వెనక ఎవరో నిలబడి ఉన్నట్టు గిర్రున తిరిగింది.

ఇంకో బంతి. అదీ అంతే. మూడోదానికి ముందు ఆమె గొంతు వచ్చింది. "ఇంగా కొట్టలేదా అక్కా?" అప్పటికి మూడో బంతి కూడా ఆమె కాళ్ల పక్క నుంచి వెళ్లి పలకకు తగిలింది. కర్ర పట్టుకున్న పిల్ల నా వైపు చూసి ఏడుపు మొహం పెట్టింది. నేను ఆపమనాలి. పరీక్ష మధ్యలో ఆపకూడదన్న పద్ధతి పట్టుకుని, ఇంకొకటి అన్నాను. నాగవేణి మోకాళ్ల మీద కూర్చుని, తొడుగు తీసేసి, అరచేయి తడి గడ్డి మీద ఆనించి తల వంచింది. నాలుగో బంతి హెల్మెట్ ఇనుప జాలీకి నేరుగా తగిలింది.

పరుగెత్తాను. దెబ్బ తగల్లేదు. ఆమె హెల్మెట్ తీసింది. కళ్లు ఇంతింత చేసి, నేను లేని వైపు చూస్తూ, "యాడుండారు సార్?" అంది. నేను చేయి చాస్తే అందేంత దగ్గరున్నాను. ముప్పై ఏళ్ల సర్వీసులో నాకు అంత భయం ఎప్పుడూ వేయలేదు.

రేచీకటి. మసక వెలుగులో ఆ పిల్లకు ఏమీ కనిపించదు. చేరేటప్పుడు మా కంటి పరీక్ష ఎండపొద్దున అక్షరాల పలక ముందు జరుగుతుంది కాబట్టి దాటేసింది. బంతి వెంట వచ్చే నీళ్ల చప్పుడే ఆమెకు చూపు. నేను దాన్ని డబ్బాలో ముంచి తుడిచేశాను. బెంచీ మీద కూర్చోబెట్టి అడిగితే దాచలేదు. "బంతి కనపడకపాయినా నాకేం కాదు సార్. ఇనపడకుండా చేసినారు మీరు" అంది.

ఆ సాయంత్రమే జమ్మలమడుగులో వాళ్లింటికి వెళ్లాను. పొద్దు గూకింది, దీపం వేయలేదు. లోపల మగ్గం మాత్రం ఆడుతోంది. కళ్లు ఆ చీకటికి అలవాటు పడ్డాక చూస్తే, మగ్గం గుంజ నుంచి తలుపుకు, తలుపు నుంచి కుళాయికి, అక్కడి నుంచి దొడ్డి గోడకు నడుమెత్తున నూలు పేని కట్టి ఉంది. ముసలావిడ ఒకామె నీళ్ల బిందె చంకనెత్తుకుని, ఒక వేలు ఆ నూలు మీద ఆనించి, తడబడకుండా నా ముందు నుంచి దాటిపోయింది. నేనున్నానని ఆమెకు తెలియలేదు.

మగ్గం ఆగింది. నాగవేణి తండ్రి నూలు పట్టుకునే వాకిట్లోకి వచ్చాడు. ఈ రేచీకటి తన తల్లికీ, తనకూ, కూతురికీ ఉన్నదేనని, దీపమేసినా తమకు ఒకటేనని మామూలుగా చెప్పాడు. చివరికి నా చేతులు పట్టుకున్నాడు. "పోటీలు పగలే గదా సార్. రాయాకండి. పిల్ల శానా ఆశ పెట్టుకోనుంది."

ఎంపిక పత్రంలో కోచ్ సంతకం కింద ఒక వాక్యం ఉంటుంది, ఈ క్రీడాకారిణికి ఆటకు అడ్డొచ్చే లోపం నా ఎరుకలో లేదని. మబ్బు పట్టిన రోజున వచ్చే బంతిని తలుచుకున్నాను. ఉన్నదున్నట్టు రాశాను. డాక్టర్లు చూసి, ఇది మెల్లగా పగటి చూపును కూడా తింటుందని, మందు లేదని చెప్పారు. పేరు కొట్టేశారు. సీటు నిలపమని రెండుసార్లు పై ఆఫీసుకు రాశాను, నిబంధన ఒప్పుకోదన్నారు.

వెళ్లేరోజు పొద్దున్నే నాగవేణి మందు పూయని పాత బంతులు తీసుకుని, లెగ్‌గార్డులు కట్టుకుని గోల్‌లో నిలబడింది. నన్నే కొట్టమంది. టర్ఫ్ తడిపాము. పది పుష్‌లు చేశాను. పదీ ఆపింది. తర్వాత కట్లు విప్పి, ఒక్కొక్కటి తడిమి చూసి స్టోరులో పెట్టి వెళ్లింది. ఇప్పుడు తండ్రి పక్కన మగ్గం మీద కూర్చుంటోందని విన్నాను.

నీళ్లంటని మందు లెగ్‌గార్డులకూ బూట్లకూ మంచిదే, నా తర్వాత వచ్చినవాళ్లు వాడుతూనే ఉన్నారు. ఆ పని నాకు నేర్పింది ఒకటే. ఒక వస్తువులో మనకు అడ్డమనిపించేదాన్ని తీసేసే ముందు, అది ఎవరికి ఆసరాగా ఉందో వాడేవాళ్లను అడగాలి. రిజిస్టర్‌లో బంతుల వరుసకు ఎదురుగా 'ఆటగాడి అభిప్రాయం' అనే గడి చాలా రోజులు ఖాళీగా ఉండిపోయింది. రిటైరయ్యే రోజు అందులో ఆమె అన్నదే ఒక్క మాటలో రాసి సంతకం పెట్టాను: వినపడలేదు.