తవుడు వేళ

ఉదయం ఆరున్నరకు మా నాన్న కొబ్బరి చిప్పతో చెరువు గట్టు మీది రాతిని మూడుసార్లు కొట్టేవారు. బడి గడియారం చూసుకుని మరీ వెళ్లేవారు. ఆ చప్పుడుకు చేపలు కదిలి, నీటి మీద సన్నని గీతలు లేచి గట్టువైపు వచ్చేవి. బొచ్చెలు ముందు, శీలావతులు వాటి వెనక. ఆయన తవుడు చల్లి, అవి తినడం అయ్యేదాకా నిలబడి, తరవాత బడి తెరిచేవారు.

అవి పంతొమ్మిదివందల ఇరవై తరవాతి సంవత్సరాలు. అరకు పై కొండల్లో ఒక చిన్న మిషన్ బడికి నాన్న పంతులు. నేను కొండ కింద పల్లంలో చదువు ముగించుకుని వచ్చి, అదే బడిలో పసిపిల్లలకు అక్షరాలు దిద్దించేదాన్ని. బడి వెనక ఊట నీటితో నిండే చెరువు ఉండేది. నాన్న ఊరి పెద్దలను అడిగి అందులో చేపలు పెంచారు.

పెంచడమేమిటో ఊళ్లో ఎవరికీ అర్థం కాలేదు. చేపను వాగులో పట్టుకోవడమే వాళ్లు ఎరుగుదురు. మొదటి ఏడు వేసవిలో, నీరు బాగా తగ్గాక, నాన్న ఇళ్లన్నీ తిరిగి ఇప్పచెక్క పోగుచేశారు. ఇప్పగింజల నుంచి నూనె తీశాక మిగిలే పిప్పి అది. నానబెట్టి నీళ్లలో కలిపితే, చేపపిల్లలను మింగే కొర్రమీనులూ జెల్లలూ చచ్చి తేలాయి. ఆ విషం మనుషులకు చేటు చెయ్యదు; ఊరివాళ్లు వాటిని ఏరుకుని వండుకున్నారు. మా పక్కింట్లో ఒక ముసలామె ఉండేది. మేమంతా మామ్మా అని పిలిచేవాళ్లం.

“మీ అయ్య సేపల్ని పెంచడానికి సేపల్ని సంపుతన్నాడేటే గుంటా? సదువంటే ఇదేనేటి?” అని నన్ను చాలా రోజులు ఏడిపించింది.

విషం విరిగాక అదే చెక్క నీటికి ఎరువైంది. చెరువు పచ్చబడింది. వానలు మొదలయ్యాక పల్లం నుంచి కావడి కుండల్లో చేపపిల్లలు వచ్చాయి. మోసేవాళ్లు కొండ ఎక్కే ఘాటీ దారి పొడుగునా కుండలను కదుపుతూనే నడిచారు. నీరు కదలకుండా నిలిస్తే పిల్లలు చచ్చిపోతాయి. కాళ్లు పీకుతున్నా వాళ్లు ఎక్కడా కావడి దించలేదని నాన్న చాలాకాలం చెప్పుకునేవారు.

ఏటా ఈస్టరు ముందు అవతలి గట్టు నుంచి వల వేసి, పడినవాటిని ఊరంతటికీ పంచేవారు. ఒక ఏడు అమ్మ అడిగింది.

“చిప్ప కొడితే కాళ్లకాడికి వచ్చేత్తాయి కదండీ. ఇక్కడ వలెయ్యక, ఆ కొసకెళ్లి ఏటీ తంటా?”

“కూటికని పిలిచి పట్టుకుంటామేటే?” అన్నారు నాన్న. “పట్టుకోడానికి ఆ కొసుంది కదా. ఇక్కడొద్దు.”

“చేపలకీ మర్యాదలే” అని అమ్మ నవ్వి ఊరుకుంది.

తరవాత కొన్నేళ్లకు, ఒక వానాకాలంలో, నాన్న మన్యం జ్వరంతో పోయారు. ఆరున్నరకు చిప్ప కొట్టి తవుడు చల్లే పని అమ్మ తీసుకుంది. ఆయన పేరున ప్రార్థన పెట్టుకున్న రోజున చుట్టుపక్కల గూడేలన్నీ వచ్చాయి. వానలకు ఘాటీ దారి తెగి కింద నుంచి ఏ సరుకూ రావడం లేదు. ఇంట్లో సామలు, కందిపప్పు తప్ప మరేమీ లేవు. అమ్మకు ఒక్కటే పట్టుదల. ఆయన పెంచిన చేపలు ఏటా తిన్నవాళ్లు, ఆయన పేరు చెప్పుకుని పప్పు తిని వెళ్లకూడదు.

తెల్లవారకముందే మగవాళ్లు అవతలి గట్టున వలలతో దిగారు. చెరువు నిండుగా ఉంది, నీరు బురదగా ఉంది. ఎన్నిసార్లు విసిరినా చిన్నచిన్న పరిగె చేపలు తప్ప ఏమీ పడలేదు. అమ్మ గట్టు మీద నిలబడి చూస్తూ ఉంది.

“అలా సూత్తావేటమ్మా? పొద్దెక్కిపోతంది. ఆ సిప్పట్టుకురా, బేగి” అంది మామ్మ.

“అవును పంతులమ్మా” అన్నాడు వల పట్టుకున్న ఒకాయన. “ఇయ్యన్నీ పంతులు బడిలో సదూకున్నాయి. గంట కొడితేగాని రావు.”

నలుగురూ నవ్వారు. పొద్దున్నుంచీ చలినీళ్లలో నానుతున్న మనుషులు. ఆ నవ్వులో తప్పేమీ లేదు.

“ఆయన వద్దనీవోరు” అంది అమ్మ.

“ఆయన కూటికే కదమ్మా” అంది మామ్మ.

అమ్మ నావైపు చూసింది. మామ్మ మాట నాకూ సబబుగానే తోచింది. అమ్మ ఇంట్లోకి వెళ్లి చిప్పా తవుడు కుండా తెచ్చింది. మూడుసార్లు కొట్టింది. అది వాటి మేత వేళ కాదు. అయినా గీతలు లేచాయి. బొచ్చెలు ముందు, శీలావతులు వాటి వెనక. అమ్మ తవుడు చల్లింది. అవి మూతులు పైకెత్తి తింటూ ఉండగా వల పడింది.

కూర బాగా కుదిరింది. అందరూ ఆయనను తలచుకుని తిన్నారు. అమ్మ కూడా తింది.

మర్నాడు ఆరున్నరకు అమ్మ గట్టు మీదికి వెళ్లి చిప్ప కొట్టింది. తవుడు నీటి మీద పరుచుకుని, నాని, మునిగిపోయింది. ఒక్క గీత లేవలేదు. దూరంగా తుంగ దగ్గర నీరు కాస్త కదిలి ఆగింది. ఆ మర్నాడూ అంతే. నాలుగో రోజు అమ్మ చిప్పను నాన్న పెట్టెలో పెట్టేసింది.

“కొన్నాళ్లు పోతే వస్తాయిలే అమ్మా” అన్నాను.

“రానీ. వచ్చినా నాను కొట్టను” అంది.

కొత్త పంతులు వచ్చేదాకా మేము అక్కడే ఉన్నాం. అన్నాళ్లూ అమ్మ చీకటి పడ్డాక అవతలి గట్టుకు వెళ్లి, చప్పుడు చేయకుండా తవుడు పోసి వచ్చేది. తిన్నాయో లేదో చూడటానికి ఉండేది కాదు.

తరవాత పల్లంలో చాలా ఏళ్లు బతికాం. ఆ సంగతి అమ్మ ఒక్కసారే ఎత్తింది. వంటింట్లో చేప కడుగుతూ, నేను ఏమీ అడగకుండానే, “ఆవేళ పప్పుతో సరిపెట్టాల్సింది” అంది. మళ్లీ కడుక్కుంటూ కూర్చుంది.

పోయిన ఏడు అమ్మ కూడా పోయింది. ఈమధ్య ఆ కొండల నుంచి వచ్చిన మనిషిని చెరువు గురించి అడిగాను. చెరువు ఉందట. చేపలూ ఉన్నాయట, ఎవరికి వీలైన చోట వాళ్లు వల వేసుకుంటారట. పొద్దున్నే ఆ రాతి మీద చిప్ప ఇప్పుడు ఎవరూ కొట్టరు.