వడ్డాణం పెట్టుకున్న శని

మా చిన్నప్పుడు... ధర్మవరంలో ఎవరినైనా శని అన్నారంటే అది తిట్టే. ఇప్పుడూ అంతే. అందుకే పోయిన వారం హిందూపురం బస్టాండులో ఒకావిడ నన్ను ఆ పేరుతో గట్టిగా పిలిచేసరికి, పక్కనున్న మా కోడలు సంచి కింద పెట్టి తగాదాకు సిద్ధమైంది. తిట్టు కాదమ్మా అని అక్కడికి సర్దిచెప్పాను. మిగతాది నోటితో చెప్పడం నాకు చేతకాలేదు. రాస్తే ఒక్కసారితో అయిపోతుందని ఇన్నాళ్లకు కలం పట్టుకున్నాను.

అప్పుడు నేను తొమ్మిదో తరగతి. మా నాయన పట్టుచీరలు నేసేవాడు. మా అవ్వ, అంటే నాయన వాళ్ల అమ్మ, శనివారం నవగ్రహాల దగ్గర నువ్వుల నూనె దీపం పెట్టనిదే అన్నం ముట్టేది కాదు.

ఒకరోజు సైన్సు సారు, మనకు అన్నిటికంటే దగ్గరున్న నక్షత్రం ఏదని అడిగారు. ఒకరు ధ్రువుడన్నారు, ఒకరు అరుంధతి అన్నారు... పొద్దున లేస్తూనే కనబడేదాన్ని వదిలేసి అంత దూరం పోతారేమని ఆయన నవ్వారు. సూర్యుడూ ఒక నక్షత్రమేనట. ఇంటికొచ్చి చెబితే అవ్వ చెంపలు వేసుకుంది.

"సూర్యనారాయణ సామిని పట్టుకొని చుక్కంటాడా మీ సారు?"

ఆ నక్షత్రం చుట్టూ గ్రహాలు ఎలా తిరుగుతాయో వార్షికోత్సవంలో మా చేత ఆడించాలని సారు అనుకున్నారు. గ్రహాల పేర్లు చీటీల మీద రాసి, సుద్దముక్కల డబ్బాలో వేసి తీయమన్నారు. అందరికీ ఒక్క చీటీ అంటేనే భయం. మా బడిలో వేషం పేరు అంటుకుంటే ఇక పోదు. ముందటేడు యముడి వేషం వేసిన పిల్లవాణ్ణి వాళ్లమ్మ కూడా యముడా అనే అన్నానికి పిలిచేది.

శని చీటీ నాకే వచ్చింది...

భూమి చీటీ కరుణకు వచ్చింది. కరుణ నా పక్కన కూర్చునేది. వాళ్లు చర్చికి పోయేవాళ్లు. నా ముఖం చూసి, చీటీ మార్చుకుందామంది.

"మాకు శని లేడు మే. నాకిచ్చెయ్. నువ్వు భూమి అయిపో."

ఇంట్లో అవ్వదీ అదే మాట. ఆడపిల్లకు ఆ పేరు పడితే ఊరు ఊరంతా అట్లే పిలుస్తుందని, పొద్దున్నే మార్చుకొని రమ్మని చెప్పింది. నాయన మాత్రం మగ్గం దగ్గర నుంచే, శని ఎట్లుంటాడని అడిగాడు. సారు పుస్తకంలో చూసిన బొమ్మ గురించి చెప్పాను... గుండ్రటి ఒంటి చుట్టూ వెడల్పాటి వలయం ఉంటుందని.

"అట్లయితే ఆయప్పకు వడ్డాణం ఉండాదన్నమాట" అన్నాడు నాయన.

ఆ రాత్రి నేను ఆలోచించింది వడ్డాణం గురించి కాదు. కరుణకు శని లేకపోవచ్చు. పిలిచేవాళ్ల నోటికి ఆ సంగతి పట్టదు కదా... అప్పటికే మా తరగతిలో ఆమెను చర్చి పిల్ల అనడమే తప్ప సొంత పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. దాని మీద ఇదీ పడితే ఆమె ఎట్లా మోస్తుంది? పొద్దున అవ్వ దగ్గరికి పోయి, చీటీ మార్చుకోనని చెప్పాను.

"శనివారం నువ్వు దీపం పెట్టి మొక్కేది ఎవురికవ్వా?" అని మాత్రం అడిగాను.

అవ్వ కొంగు దులుపుకొని పొయ్యి దగ్గరికి పోయింది. నాయన పాత సైకిల్ రిమ్ముకు, చీర కోసేటప్పుడు మిగిలిన జరీ పోగులు దగ్గర దగ్గరగా చుట్టి, నా నడుముకు తగిలేలా తాళ్లు కట్టాడు. వార్షికోత్సవం రోజు అవ్వే నా తలకు నువ్వుల నూనె రాసి జడ వేసింది. శనైశ్చరుడంటే మెల్లగా నడిచేవాడని అర్థమని, పరుగెత్తవద్దని చెప్పింది.

సారు చెప్పింది కూడా అదే. శని ఒక్క చుట్టు తిరిగి వచ్చేసరికి దగ్గర దగ్గర ముప్పై ఏండ్లు పడుతుందట. అప్పటికి మీరంతా పిల్లల పెళ్లిళ్లు చూస్తుంటారని ఆయన అంటే మాకు నవ్వాగలేదు.

పొద్దు గూకే వేళ మైదానం నడుమ పెట్రోమాక్స్ దీపం వెలిగించారు. అదే సూర్యుడు. జనంలో కూర్చున్న మా అవ్వ ఆ దీపానికి చేతులు జోడించింది. మేము తిరగడం మొదలుపెట్టాం. నేను దూరంగా, అడుగులో అడుగు వేస్తూ... కరుణ లోపలి వరుసలో పరుగు. నా పక్కకు వచ్చినప్పుడల్లా రొప్పుతూ ఒకటే మాట.

"ఇంకా ఈడే ఉండావా శనీ?"

మొదటిసారి ముందు వరుస నవ్వింది. తర్వాత మైదానమంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. జరీ వడ్డాణం తళతళమంటుంటే సగం చుట్టు కూడా పూర్తి కాకుండానే మా ఆట అయిపోయింది.

పేరు అంటుకుంది. పదో తరగతి అయ్యేదాకా నేను శనినే. కానీ ఎవరు పిలిచినా అది కరుణ గొంతులాగే వినపడేది... తిట్టులా ఎప్పుడూ అనిపించలేదు.

ఆ తర్వాత కరుణ నర్సు అయింది. ముదిగుబ్బలో కొన్నాళ్లు చేసిందని విన్నాను, ఆ తర్వాత ఎక్కడెక్కడో. నేను ధర్మవరం దాటలేదు. ఇక్కడే పెళ్లి, ఇక్కడే పిల్లలు. నాయనా లేడు, అవ్వా లేదు.

బస్టాండులో వెనకనుంచి వినపడింది ఆ మాటే... "ఇంకా ఈడే ఉండావా శనీ?"

తిరిగి చూస్తే నెరిసిన జుట్టుతో కరుణ. అదే రొప్పు.

"లేదు మే" అన్నాను. "ఒక చుట్టు తిరిగొచ్చినా."

మొన్న మా మనవరాలు ఫోనులో గ్రహాలు చూపించింది. వేలితో తిప్పితే శని క్షణంలో చుట్టి వస్తున్నాడు. పక్కనుంచి పోతూ పలకరించే భూమి మాత్రం అందులో లేదు...

మీకు బడిలో అంటుకున్న పేరుతో పిలిచేవాళ్లు ఇంకా ఎవరైనా ఉన్నారా? ఉంటే రాయండి. ఇది మాత్రం చదివి మీ దగ్గరే దాచుకోండి, ఎవరికీ చూపకండి. పెనుకొండలో ఉన్న మా వియ్యపురాలికి శని అంటే చాలా భయం.