గూడబాతు ముక్కు చిలక

ఆ రోజు నేను చేసిన తప్పు ముందే ఒప్పుకుంటాను. తివాచీ మీది చిలకకు కొల్లేరు గూడబాతు ముక్కు పెట్టాను. అదీ ఒక్క దారప్పోగు ముట్టుకోకుండా, ఉత్త నోటితో. మీరు నవ్వుకోవచ్చు. అప్పుడు మాత్రం ఎనిమిది కుటుంబాల ఏడాది పని ఆ ముక్కు మీద ఆధారపడి ఉంది.

పంతొమ్మిది వందల ముప్పైలలో మాట. ఉంగుటూరు నుంచి వచ్చి ఏలూరులో ఎలిమెంటరీ స్కూలు మాస్టరుగా చేరాను. నా గదికీ ఖాదర్ సాయిబు గారి తివాచీల షెడ్డుకీ మధ్య ఒకటే గోడ. అక్కడ నేసేవాళ్లు నమూనా కాగితం చూడరు. ఒకాయన దాన్ని ముందు పెట్టుకుని, ఏ రంగు దారంతో ఎన్ని ముడులో వాళ్ల ఉర్దూలో పాటలా పిలుస్తాడు. మగ్గం ముందు కూర్చున్నవాళ్లు విన్నది విన్నట్టు ముడులు వేస్తారు. పిలిచేవాడికి ఎదురు చెప్పడం ఆ షెడ్డులో లేదు. గోడకు చెవి ఆనించి ఆరు నెలల్లో నేను ఏక్ నుంచి దస్ దాకా, అంటే ఒకటి నుంచి పది దాకా అంకెలు, నాలుగు రంగులు, పానీ, బైఠో, బస్ నేర్చేసుకున్నాను. నేర్చేసుకున్నానని అనుకున్నాను అంటే న్యాయంగా ఉంటుంది.

ఎండాకాలం సెలవుల్లో ఆ పిలిచే ఆయనకు జ్వరం తగిలింది. శనివారానికి మద్రాసు నుంచి వర్తకుడు వస్తున్నాడు. చిలక బొమ్మ ఉన్న చిన్న తివాచీ చూపించాలి. నచ్చితే షెడ్డులో ఎనిమిది కుటుంబాలకూ ఏడాది పొడుగునా పని, నచ్చకపోతే మగ్గాలు ఖాళీ. సాయిబు గారికి చూపు ఆనదు. మిగతావాళ్లలో ఎవరు లేచినా ముడులు వేసే చేతులు తగ్గుతాయి. సోమవారం పొద్దున ఆయన గుమ్మంలో దిగాలుగా కూర్చుని ఉంటే నాలో ఉపకారి నిద్ర లేచాడు.

"మీ అంకెలు నాకు వచ్చండి," అన్నాను.

"మీకా, మాస్టారూ?"

ఏక్ నుంచి దస్ దాకా గూడ్సు బండి పెట్టెల్లా వరసగా ఒక్క ఊపిరిలో వదిలాను.

"బాగుందండి. మరి వరస తప్పించి చెప్పగలరా?"

"నేను పిల్లలకు లెక్కలు చెప్పేవాణ్ణండి."

ఇది జవాబు కాదని ఆయనకు తట్టలేదు. నాకూ తట్టలేదు.

ఆకుల దాకా బండి బాగానే నడిచింది. దో హరా, తీన్ హరా: రెండు పచ్చ, మూడు పచ్చ. తర్వాత చిలక ముక్కు వచ్చింది. ఏడు ఎర్ర ముడులు. ఇక్కడే వచ్చింది చిక్కు. గూడ్సులో ఏడో పెట్టె దగ్గరికి చేరాలంటే నేను ఇంజిను దగ్గర్నుంచి నడిచి రావాలి. నేసే జానీ ఎర్ర దారం పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"ఎన్నండీ, మాస్టారూ?"

నాలుక మీద ఎప్పుడూ సిద్ధంగా ఉండేది చివరి పెట్టె ఒక్కటే. "దస్ లాల్," అన్నాను. ఆవగింజంత ముడులు, మూడు ఎక్కువైతే ఎవరికి తెలుస్తుంది? కింది వరసలోనూ ఏడే. దస్ లాల్. వరస చివర మిగతా ముడులకు చోటు చాలకపోతే, నాకు అన్నిటికంటే బాగా వచ్చిన మాట ఉపయోగించాను: "బస్," ఇక చాలు అని.

"మాస్టారు భలే జోరుగా పిలుస్తున్నారండి," అన్నాడు జానీ. నేను నూనెలో పడిన పూరీలా పొంగాను.

దారాల కొసలు కత్తిరించేదాకా తివాచీ మీద బొమ్మ తేలదు. మంగళవారం సాయంత్రం జానీ కత్తెర వేశాడు. చిలక ముక్కు గూడబాతుకున్నంత పొడుగు తేలింది. సాయిబు గారి తల్లి బీబమ్మ గారు కర్ర పొడుచుకుంటూ వచ్చి వంగి చూసింది.

"ఇదేం పిట్టరా?"

"చిలక, దాదీ," అన్నాడు జానీ.

"దీనికి జామపండు ఎందుకురా, చేపలు వెయ్యండి."

"మద్రాసాయన వద్దంటే కైకలూరు చేపలవాళ్లకి అమ్ముకోవచ్చులెండి," అన్నాడు జానీ.

సాయిబు గారు మాత్రం నవ్వలేదు. "కాగితంలో ఎన్నున్నాయి, మాస్టారూ?"

"ఏడండి."

"మరి దస్ అన్నారేమండి?"

"ఏడు... నోటికి రాలేదండి."

ఆయన మెల్లిగా అన్నారు: "రాకపోతే ఏడు అనే అనొచ్చు కదండీ. మాకు తెలుగు వచ్చుగా."

రెండు రోజులుగా ఆయన నాతో మాట్లాడింది తెలుగే. ఈ సంగతి షెడ్డులో అందరికీ తెలుసు, నాకు తప్ప.

బుధవారం తెల్లారగానే వెళ్లి ముడులు విప్పే పని నాదే అన్నాను. ఇక తెలుగులోనే పిలుస్తానని కూడా చెప్పాను. "వాళ్ల చేతులు ఆ పాటకి అలవాటు పడ్డాయి. తెలుగులో పిలిస్తే నిదానిస్తాయి. నువ్వే నేర్చుకో, బాబూ," అంది బీబమ్మ గారు. సూదితో విప్పుతుంటే నా వేళ్లు పగిలాయి. ఆవిడ పక్కనే ముంజెల బుట్ట పెట్టుకు కూర్చుంది.

"ఎన్ని కావాలి?"

"దస్, మామ్మగారూ."

"అది కాక ఇంకోటి అడుగు."

"ఏక్, దో, తీన్..."

ఆవిడ బుట్ట మీద గుడ్డ కప్పేసింది. "మొదట్నించి రావద్దు. తిన్నగా రా."

అప్పుడు గుర్తొచ్చారు నా క్లాసు పిల్లలు. ఏడెనిమిదులు ఎంత అంటే ఏడు ఒకట్ల నుంచి గొణుక్కుంటూ వచ్చే ప్రతివాణ్ణీ నేను బల్ల ఎక్కించాను. పెదాలు కదిపితే బెత్తం చూపించాను. ఒక్కొక్క ముడి విప్పుతుంటే ఒక్కొక్క పేరూ గుర్తొచ్చింది.

సాయంత్రానికి ఆకలే నేర్పింది. "సాత్ ముంజెలు, ఏక్ లోటా పానీ," అనేశాను, తిన్నగా ఏడో పెట్టెకే, మధ్యలో ఎక్కడా ఆగకుండా. ఆవిడ ముంజెలు చేతిలో పెట్టింది.

"ఆఠ్ ఉన్నాయండి, మామ్మగారూ. ఒకటి ఎక్కువ ఇచ్చారు."

"గుర్తుపడతావో లేదోనని అదే చూశాను," అంది.

గురువారం మళ్లీ ముక్కు దగ్గరికి వచ్చాం. "సాత్ లాల్," అన్నాను. జానీ చెయ్యి ఆపి వెనక్కి తిరిగి చూశాడు. తర్వాత షెడ్డంతా ఒక్క గొంతుతో "సాత్ లాల్" అంది. నేను ఢిల్లీ గెలిచినా అంత ఉప్పొంగి ఉండను. శనివారం మద్రాసు వర్తకుడు ఆ ముక్కు మీద వేలు పెట్టి నిమిరి, "ఇలాంటివే నెయ్యండి, ఏడాది పాటు," అన్నాడు. సాయిబు గారు తన కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు.

ఆ కుర్చీలోనే గంభీరంగా ఒట్టు పెట్టుకున్నాను. రానిది రాదని చెబుతాను. ఎదుటివాడికి తెలుగు వస్తే తెలుగులోనే చెబుతాను.

స్కూలు తెరిచిన రోజు ఏడెనిమిదులు ఎంత అని అడిగాను. ముందు వరసలో పెదాలు కదిలి, నా చేతిలో బెత్తం చూసి ఆగిపోయాయి. బెత్తం కిటికీలోంచి బయట పారేసి, వాళ్లను ఎక్కించిన బల్ల నేనే ఎక్కి నిలబడ్డాను.

"మొదట్నించే రండి," అన్నాను. "మీరు యాభయ్యారు చేరేదాకా నేను దిగను."