కుడి వైపు తెల్ల గీత

ప్రపంచ కప్ ఫుట్‌బాల్ జరిగిన మరుసటి చలికాలం, నవంబరు మొదటి వారంలో, కతార్‌లోని ఒక రేసు ట్రాక్ మీద స్టాక్ కార్ల పోటీల సీజనుకు నన్ను రెండో స్క్రూటినీర్‌గా వేశారు. స్క్రూటినీర్ అంటే రేసుకు ముందూ తరవాతా కార్లను కొలిచి, తూచి, నిబంధనల ప్రకారం ఉన్నాయో లేదో రాసిచ్చే మనిషి. నాపైన చీఫ్ స్క్రూటినీర్ కురియన్ గారు, కేరళ ఆయన. మా ఇద్దరి పైన స్టివార్డులని ముగ్గురుంటారు. శిక్ష వేయడమా, వదిలేయడమా అన్నది వాళ్ళ పని. మేం చూసింది రాస్తాం, వాళ్ళు తీర్పు చెబుతారు. ఈ తేడా నాకు బాగా తెలుసనే అనుకున్నాను అప్పట్లో.

మాది గుడివాడ దగ్గర. డిప్లొమా చేసి వచ్చి, దోహాలో ఒక కార్ల కంపెనీ వర్క్‌షాపులో ఇరవై రెండేళ్ళు పనిచేశాను. రేసు డ్యూటీ సెలవు రోజుల్లో చేసే అదనపు పని. రేసులు శుక్రవారం, మా చర్చి ఆరాధన కూడా శుక్రవారమే. మదీనత్ ఖలీఫాలో మేముండే పోర్షన్ నుంచి పొద్దున్నే కొలతల పెట్టె పట్టుకుని బయల్దేరుతుంటే మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "దేవుడి దగ్గర సెలవు, కార్ల దగ్గర హాజరు. కానివ్వండి," అనేది. ఆ మాట తగిలేది, అయినా వెళ్ళేవాణ్ణి. ఏ గీత ఎక్కడ ఎందుకు పడిందో తెలుసుకోకపోతే నాకు అన్నం సహించదు. అది నా జబ్బు.

స్టాక్ కారు పైకి మనం రోడ్డు మీద చూసే కారులాగే ఉంటుంది. పైకప్పు ఉంటుంది, చక్రాలు రేకు కిందే ఉంటాయి. లోపల మాత్రం ఇనప గొట్టాల పంజరం, ఒకే ఒక్క సీటు, అదీ ఎడమ పక్కన. ఈ కార్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోతాయి. మలుపు దగ్గర వెనకవాడు ముందువాడి బంపర్‌ను కాస్త తట్టి పక్కకు జరపడం ఈ ఆటలో తప్పు కాదు. పెళ్ళి భోజనాల బంతిలో పక్కవాడి మోచెయ్యి తగిలినంత మామూలు. ఓపెన్ వీల్ కార్లు వేరే జాతి. పైకప్పు ఉండదు, నాలుగు చక్రాలూ బయటికి కనిపిస్తుంటాయి, డ్రైవరు సరిగ్గా మధ్యలో కూర్చుంటాడు. అక్కడ చక్రానికి చక్రం తగిలితే కారు గాల్లోకి లేస్తుంది. అందుకని ఆ కార్లలో పెరిగినవాడికి తాకిడి అంటే ప్రాణభయం.

పావెల్ అలా పెరిగినవాడు. ఐరోపా నుంచి వచ్చాడు, ముప్పై దాటిన మనిషి. పన్నెండేళ్ళు ఓపెన్ వీల్ కార్లు నడిపి, అక్కడ ఎవరూ సీటివ్వక స్టాక్ కార్లకు మారాడు. ఈ సీజను చెడితే ఇంక తనను పిలిచేవాళ్ళు లేరని అతనికీ తెలుసు, మాకూ తెలుసు. అతనికి ఎదురు జాసిం. స్థానికుడు, ఈ కార్లలోనే తల నెరిసినవాడు. మొదటి రేసులోనే జాసిం అలవాటుగా పావెల్ వెనక బంపర్‌ను తట్టాడు. పావెల్ దిగి, హెల్మెట్ తీయకుండానే వెళ్ళి ఫిర్యాదు రాసిచ్చాడు. స్టివార్డులు ఆ కాగితం చదివి నవ్వారట. జాసిం మాత్రం నవ్వలేదు. ఇన్నేళ్ళలో తన మీద ఎవరూ కాగితం పెట్టలేదని, అది అవమానమని అందరితో అన్నాడు.

ఆ తరవాత రెండు రేసుల్లోనూ పావెల్ కారే జాసిం కారును తాకింది. రెండుసార్లూ కుడి మలుపులోనే. జాసిం లోపలివైపు, అంటే కుడి పక్కన ఉన్నాడు. పావెల్ ఎడమ నుంచి తిరుగుతూ తన కారు కుడి వైపును జాసిం తలుపుకేసి కొట్టాడు. ఒకసారి జాసిం కారు ట్రాక్ దాటి ఇసకలోకి పోయింది. కక్ష తీర్చుకుంటున్నాడని, కార్లను సిద్ధం చేసే పిట్‌లో అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. దాచడమెందుకు, పావెల్ అంటే నాకు గిట్టేది కాదు. నమస్కారం పెడితే తల కూడా ఊపేవాడు కాదు.

రేసు అయ్యాక కార్లన్నిటినీ పార్క్ ఫెర్మే అనే కంచె వేసిన చోట నిలబెడతారు. స్క్రూటినీర్లు తప్ప ఎవరూ వాటిని ముట్టుకోకూడదు. ఆ రెండు రేసుల తరవాతా పావెల్ నీలం కారును నేనే చూశాను. "కుడి తలుపు కింది అంచు మీద ఎర్ర రంగు గీత. ఒకే వైపు, ఒకే ఎత్తులో, పదేపదే," అని రాశాను. ఎర్ర రంగు జాసిం కారుది. ఆ ఎరుపు కింద తెల్ల గీతలు కూడా ఉన్నాయి. రేసులో తెల్ల కారే లేదు. ఆ గడిలో "పాత గీతలు, సంబంధం లేదు" అని రాసి సంతకం పెట్టాను. గీత పుట్టుక తెలియకపోతే అన్నం సహించదని ఇందాక చెప్పుకున్న మనిషిని నేనే. గిట్టనివాడి కారు దగ్గర మాత్రం రెండుసార్లు హాయిగా తిన్నాను.

డిసెంబరులో మూడోసారి అదే జరిగింది. అదే మలుపు, అదే కుడి వైపు. మూడు తాకిళ్ళూ కావాలని చేసినవని తేలితే సీజనంతటికీ లైసెన్సు ఆపేస్తారు. విచారణ మర్నాడు శనివారం పొద్దున పదింటికని నోటీసు అంటించారు. కురియన్ గారు నాతో, స్టివార్డులు నా రిపోర్టుల మీదే నిలబడుతున్నారని, "పదేపదే" అన్న మాట కింద గీత గీసుకున్నారని చెప్పారు. గర్వపడాల్సిన మాటే. నేను మాత్రం కొలతల పెట్టె మళ్ళీ తెరిచాను.

సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే పార్క్ ఫెర్మేలో ఆ కారు పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. కొత్త ఎర్ర గీత కింద మళ్ళీ తెల్ల గీత. పోయినసారి లేనిది, తాజాది. గోటితో గీరితే పొడిపొడిగా రాలింది. కార్లకు వేసే రంగు అలా రాలదు. అది గోడలకు వేసే రంగు.

కంచె అవతల లింబాద్రి పోతున్నాడు. ఆర్మూరు వైపు మనిషి, నలభై దాటినవాడు. పిట్ గోడలకూ గరాజులకూ రంగులేసే పని అతనిది. దుబాయ్‌లో రేసు కార్లకు రంగులేస్తాడని, గల్ఫంతా దుబాయే అనుకునే ఊళ్ళో భార్య చెప్పుకుంటుందనీ, తను వేసేది గోడలకని ఇంకా చెప్పలేదనీ నవ్వేవాడు. అతని చేతిలో తెల్ల రంగు డబ్బా చూసి పిలిచాను. కంచె లోపలికి రావద్దని చెప్పి, గోటి మీది పొడి చూపించి, ఇది ఎక్కడిదై ఉంటుందని అడిగాను.

"గది నా రంగే సార్," అన్నాడు, దూరం నుంచే. "గా నీలం బండి గరాజుల కెళ్ళి ఎల్లేటప్పుడు కుడి దిక్కు స్తంభానికి రాస్తది. రాసినప్పుడల్లా నేనే రంగేస్త. ఆల్ల మేనేజర్ ఉన్నడు గద, యల్లా యల్లా, జల్ది, ఎవలన్న చూడక ముందే ఎయ్యి అంటడు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"బండి వచ్చిన కాడి నుంచి. జాసింతోని పగ పెట్టుకున్నడు అంటున్నరు. అయితే అయితది. మరి నా స్తంభంతోని ఏం పగ సార్?"

నేను లేచి నిలబడ్డాను. రేసు డ్రైవరు గరాజు స్తంభానికి కారు రాసుకున్నాడంటే టీముకు తలవంపులు. అందుకే తేలు కుట్టిన దొంగల్లా నోరు మూసుకుని, ఎప్పటికప్పుడు రంగు వేయించారు. స్తంభం దగ్గరికి వెళ్ళి టేపు పెట్టాను. రంగు మీద రంగు పడి ఒక చోట ఉబ్బెత్తుగా ఉంది. కారు మీది గీతకూ దానికీ ఎత్తు సరిపోయింది. ఒకే ఎత్తు అని నేను పెద్ద రహస్యంలా రాశాను గదా, ఆ కారు అక్కడే అన్నిటికన్నా వెడల్పు. తగిలితే తగిలేది అక్కడే. ఇన్నేళ్ళు కార్ల కింద పడుకున్నవాడికి ఆ సంగతి తట్టకపోవడం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సంగతి అర్థమైంది. పావెల్ ఎడమ పక్కన కూర్చుని కూడా తాను మధ్యలో ఉన్నట్టే కారు తిప్పుతున్నాడు. వెనకటి కార్లలో తన చక్రం తనకు కనిపించేది. ఇక్కడ కుడి చక్రం రేకు కింద ఎక్కడో ఉంది. పైగా తల ఒరిగిపోకుండా సీటుకు రెండు పక్కలా రెక్కలుంటాయి, కుడి రెక్క ఆ వైపు చూపును కప్పేస్తుంది. అయితే అర్థం కావడం వేరు, చూపించడం వేరు.

కురియన్ గారికి చెబితే ఆయన ఒప్పుకోలేదు. మనం చూసేది బండిని, మనిషిని కాదు, డ్రైవరు కంటిచూపు మన శాఖ కాదన్నారు. పైగా సంతకం పెట్టిన రిపోర్టును స్క్రూటినీర్ తనంతట తాను తప్పని చెబితే ఈ పనికి అనుమతిచ్చే కార్డు పోవచ్చని గుర్తుచేశారు. సీటు బండిలో భాగమే గదా సార్ అన్నాను. ఆయన కాసేపు మీసం దువ్వుకుని, అయితే ఒక్క విశేషణం కూడా లేకుండా కొలతగా చూపించమన్నారు.

శనివారం పొద్దున తనిఖీ షెడ్డులో నేల మీద కారు పోయే దిక్కుకే పొడవుగా సుద్దతో గీత గీశాను. ముగ్గురు స్టివార్డులు, కురియన్ గారు, ఒక మూల తెల్లని తోబ్‌లో, అంటే అరబ్బుల నిలువంగీలో, చేతులు కట్టుకుని జాసిం. ముందుగా నా రెండు రిపోర్టుల్లో "సంబంధం లేదు" అన్న మాట తప్పని, తెల్ల గీత ఎక్కడిదో కనుక్కోకుండా రాశానని చెప్పాను. స్టివార్డుల్లో ఒకాయన రాసుకున్నాడు. అప్పుడు పావెల్‌ను కారులో కూర్చోబెట్టి, ముందుకు పోనిచ్చి, కుడి ముందు టైరును సరిగ్గా గీత వెంబడి ఆనించి ఆపమన్నాను. అతను నన్ను శత్రువును చూసినట్టే చూశాడు.

మొదటిసారి టైరు గీతను దాటి కుడి వైపుకు రెండు జానల అవతల ఆగింది. అతను తలెత్తి, అయిందన్నట్టు బొటనవేలు చూపించాడు. రెండోసారి, మూడోసారి కూడా రెండు జానలే. మూడింటికీ తేడా రెండు వేళ్ళు కూడా లేదు. ఎడమ టైరుతో చేయమంటే ప్రతిసారీ గీత మీదే ఆపాడు. కక్ష ఉన్నవాడి చేతిలో అంత నిలకడగా తప్పు రాదు.

పావెల్ దిగి కారు చుట్టూ తిరిగి కుడి వైపుకు వచ్చాడు. సుద్దగీతను, టైరును చూసి కింద చతికిలబడ్డాడు. స్తంభం ఇరుకుగా ఉందని టీము వాళ్ళు చెప్పారట, తానూ నమ్మాడట. కుడి పక్క చోటు వదిలానని తాను అంటుంటే అబద్ధమాడుతున్నానని అందరూ అన్నారని, మూడో తాకిడి తరవాత తన తల మీద తనకే అనుమానం వచ్చిందని స్టివార్డులతో చెప్పాడు. అతని మొహం చూస్తే నాకు జాలి కలిగింది. నమస్కారం సంగతి అప్పుడే మరిచిపోయాను.

పెద్ద స్టివార్డు జాసిం వైపు తిరిగి, నీకేమైనా తెలుసా అని అడిగాడు. జాసిం దాచలేదు. రెండో రేసు ప్రాక్టీసులోనే పోల్చానన్నాడు. ఓపెన్ వీల్ నుంచి వచ్చే వాళ్ళందరికీ మొదట్లో ఈ గుడ్డితనం ఉంటుందనీ, పాతవాళ్ళెవరో ఒకరు చెబితే పోతుందనీ అన్నాడు. మరి చెప్పలేదేమంటే, నా మీద కాగితం పెట్టినవాడికి నేను పాఠం చెప్పాలా అన్నాడు.

ఆ తరవాత తన మెకానిక్ దగ్గర పసుపు టేపు అడిగి తీసుకుని, పావెల్‌ను మళ్ళీ సీట్లో కూర్చోమన్నాడు. తోబ్ మడిచి పట్టుకుని కుడి టైరు ముందు కూర్చుని, చెయ్యి నిలువుగా ఎత్తాడు. తన చెయ్యి ముందు అద్దంలోంచి ఎక్కడ కనిపిస్తోందో అక్కడ వేలు పెట్టమని పావెల్‌కు సైగ చేశాడు. వేలు పెట్టిన చోట, అద్దం అడుగున, బెత్తెడు టేపు ముక్క అంటించాడు. కుడి చక్రం అక్కడుందని లెక్క. ఆ చిట్కా మా నిబంధనల పుస్తకంలో లేదు.

తీర్పు మధ్యాహ్నం వచ్చింది. తాకిడి తాకిడే కాబట్టి పావెల్ తరవాతి రేసును అందరికన్నా వెనక నుంచి మొదలుపెట్టాలి. కావాలని చేసింది కాదు కాబట్టి లైసెన్సు ఉంటుంది. గరాజు సంగతి దాచినందుకు టీముకు మందలింపు. నాకూ ఒక కాగితం వచ్చింది. కార్డు ఉంచారు గానీ ఆ సీజనంతా నా ప్రతి రిపోర్టు మీదా కురియన్ గారి రెండో సంతకం ఉండాలన్నారు. ఇంటికి వచ్చి మా ఆవిడకు చూపిస్తే, "కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నట్టు పోయి తగిలించుకున్నారు," అంది. మళ్ళీ ఆవిడే కాగితాన్ని జాగ్రత్తగా మడిచి బైబిల్లో పెట్టింది.

సీజను చివరి రేసులో పావెల్, జాసిం ట్రాక్ చుట్టూ పది చుట్లు తలుపుకు తలుపు ఆనించినంత దగ్గరగా పోయారు, తగలకుండా. ఆఖరి మలుపులో జాసిం వెనక నుంచి పావెల్ బంపర్‌ను తట్టి ముందుకు పోయి గెలిచాడు. పావెల్ టీము మేనేజరు ఫిర్యాదు ఫారం తీసుకుని పరిగెత్తుకొచ్చాడు. పావెల్ దాన్ని అతని చేతిలోంచి తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

పార్క్ ఫెర్మేలో ఆ కారును నేనే చూశాను. వెనక బంపర్ మీద ఎర్ర గీత ఒకటి, కుడి తలుపు కింది అంచు మీద ఏమీ లేదు అని రాశాను. కురియన్ గారు రెండో సంతకం పెట్టారు. తిరిగి వస్తూ లింబాద్రి స్తంభం దగ్గర ఆగాను. రంగు వేసి మూడు వారాలైందట, మీద ఎడారి దుమ్ము పేరుకుంది.

రిటైరై వచ్చేదాకా మరి ఏ రిపోర్టులోనూ "సంబంధం లేదు" అని రాయలేదు. గీత పుట్టుక తెలియకపోతే "తెలియదు" అని రాశాను. ఇద్దరి మధ్య పగ ఉందని నలుగురూ అంటున్నప్పుడు, ఆ రెండోవాడు లేని చోట కూడా అదే గీత పడుతోందా అని ముందు వెళ్ళి చూశాను. చాలాసార్లు పడుతూనే ఉంది.